రాసిన నాటకం లేకుండా నాటకం కట్టడం



ఫిజికల్ థియేటర్‌లో మాట కన్నా ముందు ఒళ్లు కదులుతుంది. నటుడి నడక, ఊపిరి, బరువు, ఆగడం, పక్కవాడి మీద ఆనడం, వీటితోనే కథ నడుస్తుంది. డైలాగులు ఉండకూడదని నియమం లేదు. ఉంటే అవి ఒంట్లోంచి వచ్చినట్టు ఉండాలి, అంతే. ఇలాంటి నాటకాన్ని చాలాసార్లు ఎవరూ ముందుగా రాసిపెట్టరు. పదిమంది ఒకచోట చేరి రోజుల తరబడి కదిలి, ఒకరినొకరు చూసి, వాదించుకుని, పనికిరానిది పారేసి, మిగిలినదాన్ని ఒక వరసలో పెడతారు. ‘నాటకం కట్టడం’ అని తెలుగులో ఎప్పటినుంచో అంటున్నారు. ఈ పనికి ఆ మాటే సరిగ్గా సరిపోతుంది: ఇల్లు కట్టినట్టు, మూట కట్టినట్టు, చేతులతో కట్టేది.

ప్రపంచంలో దీనికి పెద్ద బడి పారిస్‌లో మొదలైంది. 1956లో దాన్ని పెట్టిన జాక్ లెకాక్ మొదట వ్యాయామ ఉపాధ్యాయుడు. పరుగు, దూకడం, బరువు ఎత్తడం గమనించిన కన్నుతోనే ఆయన నటనను చూశాడు. అక్కడ విద్యార్థులు గురువు లేకుండా తమలో తాము గుంపులు కట్టి, చిన్న చిన్న ప్రదర్శనలు తయారుచేసి, అందరి ముందూ పెట్టాలి. పోలెండ్‌లో దర్శకుడు గ్రొటోవ్‌స్కీ దీపాలు, సెట్లు, మేకప్ అన్నీ తీసేసినా నటుడు, ప్రేక్షకుడు మిగిలితే నాటకం మిగులుతుందన్నాడు. ఈ రెండు పేర్లూ తెలిసి ఉంటే చాలు. పల్లెలో పని మొదలుపెట్టేవారికి ఎక్కువ ఉపయోగపడేవి మన దేశంలోనివే.

కలకత్తాలో బాదల్ సర్కార్ 1967లో ‘శతాబ్ది’ బృందం పెట్టారు. 1970లలో స్టేజీ వదిలి గదుల్లోకి, మైదానాల్లోకి, ఊళ్లలోకి వచ్చేశారు. టికెట్టు కొనలేనివాడికి కూడా నాటకం అందాలన్నది ఆయన పట్టుదల. ఇంఫాల్‌లో హైస్నాం కన్హైలాల్ 1969లో కళాక్షేత్ర మణిపూర్ స్థాపించారు. బాదల్ సర్కార్ వర్క్‌షాప్ ప్రభావం ఆయన మీద గట్టిగా పడింది. 1978లో ‘నూపీ లాన్’ నాటకాన్ని ఆయన నటులతో కాక, ఇంఫాల్ బజారులో అమ్ముకునే ఆడవాళ్లతో కట్టారు. నటన ఎన్నడూ నేర్వని ఆ తల్లులకు బుట్ట ఎత్తుకోవడం, దించడం, గుంపుగా కదలడం ముందే వచ్చు. శిక్షణ అంటే లేనిది తెచ్చిపెట్టడం కాదనీ, ఒంట్లో ఉన్నదాన్ని గుర్తుపట్టడమనీ ఆ ఒక్క నాటకం చెబుతుంది. నేర్చుకునేవారు ముందుగా పట్టుకోవలసింది ఇదే.

తెలుగులో ఈ దారి కొత్తదేమీ కాదు. బుర్రకథలో తంబురా పట్టుకున్న కథకుడు రెండడుగులు ముందుకు వేస్తే రాజు, వెనక్కి తగ్గితే దూత, ఒంగితే గుర్రం. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు, ముఖ్యంగా షేక్ నాజర్, ఈ ఒంటి విద్యతోనే ఊళ్లకు ఊళ్లను కదిలించారు. చిందు యక్షగానం పేరులోనే అడుగు ఉంది. ఆ కళలో జీవితమంతా గడిపిన జనగామ ప్రాంతపు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్త రత్నావళి రాసినప్పుడు ఎనిమిది అధ్యాయాల్లో సగం దేశి నృత్యాలకే ఇచ్చాడు. నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. రాతిలో ఆగిపోయిన భంగిమకు ముందు ఏ కదలిక ఉండి ఉంటుంది, తరవాత ఏది వస్తుంది అని వెతకడం ఒక గొప్ప వర్క్‌షాప్ అభ్యాసం. ఒక ఫొటో ముందు పెట్టుకుని ఎక్కడైనా చేయవచ్చు.

ఈ పనిని పల్లెలో ఎలా మొదలుపెట్టాలో వేంసూరును ఉదాహరణగా తీసుకుని చూద్దాం. ఇది ఖమ్మం జిల్లాలో సత్తుపల్లి పక్కన, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం. ఒకవైపు వరి, మామిడి, ఆయిల్‌పామ్ తోటలు. ఇంకోవైపు అశ్వారావుపేట, భద్రాచలం దిక్కుగా సాగే అడవి. ఇక్కడ పని మొదలుపెట్టే బృందానికి ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. అంతకు మించితే ఒకరిని ఒకరు చూడలేరు. నేల మట్టిదైతే మంచిది. సిమెంటు గచ్చు మీద వారం రోజులు దూకితే మోకాళ్లు పోతాయి. తిన్న రెండు గంటల వరకూ పని వద్దు. వేసవిలో అయితే తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేయాలి. ఖమ్మం ఎండతో పంతం పనికిరాదు.

మొదటి మూడు రోజులు కథ గురించి ఎవరూ మాట్లాడకూడదు. ఈ నియమం కష్టంగా అనిపిస్తుంది కానీ దీన్ని సడలిస్తే మాటకారి ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్లు ఆ కథకు అభినయం పడతారు, అక్కడితో సమష్టి పని అయిపోతుంది. ఆ మూడు రోజులూ వినడం నేర్చుకోవాలి, అదీ ఒంటితో వినడం. దానికి కోలాటం కన్నా మంచి సాధనం లేదు. కోలాటంలో గురువు ఈల వేస్తే కోపు, అంటే అడుగుల వరస, మారుతుంది. వర్క్‌షాప్‌లో కోలలు పక్కన పెట్టి, ఈల కూడా తీసేయాలి. ఉత్త చేతులతో వలయంలో తిరుగుతూ, ఎవరూ చెప్పకుండా, ఎవరూ సైగ చేయకుండా అందరూ ఒకేసారి దిక్కు మార్చాలి. మొదటి రోజు గందరగోళమే. ఒకడు ముందు తిరుగుతాడు, ఇద్దరు ఢీకొంటారు. ఆ తరవాత కూడా రోజూ చేస్తూ ఉంటే నాలుగైదు రోజులకు పక్కవారి భుజం బరువు ఏ కాలి మీదికి మారుతోందో చూపు అంచున తెలియడం మొదలవుతుంది. అందరూ ఒక్క ఊపిరితో మళ్లే రోజు వస్తుంది. ఆ క్షణాన్ని ఎరిగినవారికి గుంపు అంటే ఏమిటో ఇక వేరే చెప్పనక్కరలేదు.

తరవాతిది చూడడం. ఒక్కొక్కరూ ఒక పనిని ఎంచుకుని, అది జరిగే చోటికి వెళ్లి, గంటసేపు కదలకుండా చూసి రావాలి. అడవి అంచు ఊళ్లలో తునికాకు పని అందుకు తగినది. కుడిచెయ్యి ఆకు తుంచుతుంది, ఎడమచెయ్యి దాన్ని పేర్చుకుంటుంది. కళ్లు అప్పటికే పక్క కొమ్మ మీద ఉంటాయి. 50 ఆకులు కాగానే నారతో ఒక ముడి. పైకి లెక్కపెట్టరు, వేళ్లకే లెక్క తెలుస్తుంది. అలాంటి 1000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా, అంటే 50,000 ఆకులు. తిరిగొచ్చిన నటుడు ఈ పనిని నటించి చూపకూడదు. ముందు చేతుల లయ ఒక్కటే తీసుకోవాలి. అదే లయను భుజాలతో, ఆపైన పాదాలతో చేయాలి. తరవాత బృందమంతా దాన్ని అందుకుని, నెమ్మది చేసి, వేగం పెంచి, మధ్యలో ఒకరు ఆగిపోతే ఏమవుతుందో చూడాలి. ఆ ఆగిపోవడంలోనే కథ మొలకెత్తుతుంది. ఆగినది ఎవరు? ఎందుకు? మిగతావాళ్లు చూసి కూడా చేతులు ఆపలేదెందుకు?

ఆయిల్‌పామ్ తోటలో ఒళ్లు వేరు. పొడవైన గెడకు కట్టిన కత్తితో గెల కోసేవాడి మెడ ఎప్పుడూ పైకే. గెల పడే దారిలోంచి పాదాలు ఎప్పుడు తప్పుకోవాలో వాటికే తెలుసు. నడుం వంచే పని, మెడ ఎత్తే పని, రెండూ ఒకే ప్రాంతంలో ఉన్నాయి. ఈ రెండు వెన్నెముకలను పక్కపక్కన నిలబెడితే అడవి బతుకు తోట బతుకుగా మారిన చరిత్ర ఒక్క మాట లేకుండా కనిపిస్తుంది. పది పేజీల సంభాషణ చేయలేని పని అది.

కోయవారి ఆటల విషయంలో మాత్రం చెయ్యి ఆపుకోవాలి. కొమ్ము కోయ నృత్యంలో అడవిదున్న కొమ్ముల తలపాగా, డోలు, దున్నల పోరు కళ్లకు కట్టే అడుగులు, స్త్రీలు చేతులు పెనవేసి తిరిగే రేలా వలయం చూసిన ఏ దర్శకుడికైనా వాటిని నాటకంలో పెట్టాలనిపిస్తుంది. అవి వారి కొలుపులకూ పండుగలకూ చెందినవి. వాటిని రంగు కోసం ఎత్తుకురావడం దొంగతనమే. నేర్చుకోవాలంటే పెద్దల దగ్గర కూర్చుని, అనుమతి అడిగి, నేర్పినవారి పేరు చెప్పి, నేర్పిన శ్రమకు డబ్బు ఇచ్చి నేర్చుకోవాలి. మణుగూరు మండలం కూనవరం నుంచి వచ్చిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథలు చెప్పేవారు. 2022లో పద్మశ్రీ అందుకుని 2024లో కన్నుమూశారు. ఆయన గొంతులో ఉన్నది ఒక జాతి చరిత్ర. రెండు గంటల వర్క్‌షాప్‌లో పట్టుబడే విద్య కాదు అది.

రెండో వారానికి ముక్కలు పోగవుతాయి. ప్రతి ముక్కకూ ఒక పేరు పెట్టి నోటుబుక్కులో రాసుకోవాలి: ‘కట్ట’, ‘మెడ’, ‘కల్లం’, అలా. ఫోన్‌లో వీడియో తీసుకోవడం సులువే కానీ, మర్నాటి నుంచి నటులు తమ వీడియోనే అనుకరిస్తారు, ముక్క చచ్చిపోతుంది. పది ముక్కల్లో ఆరేడు పారేయక తప్పదు. ఇక్కడే బృందాలు విడిపోతాయి, ఎందుకంటే ప్రతివారికీ తాము తెచ్చిన ముక్క మీద మమకారం ఉంటుంది. దానికి ఒక మందు ఉంది: ఎవరి ముక్కను వారు చేయకుండా వేరొకరికి నేర్పాలి. మూడు చేతులు మారాక అది ఎవరిదో మరచిపోతారు. కరపత్రంలో రచన అన్నచోట బృందం పేరే వేయాలి.

సంగీతం చివర రావాలి. డప్పు మొదటి రోజే వస్తే ఎంత పేలవమైన కదలికైనా బాగున్నట్టే ఉంటుంది. ఊపిరి, అరచేతులు, అరికాళ్ల చప్పుడుతో నిలబడిన ముక్కకే డప్పు కలపాలి.

ఒకరినొకరు ఎత్తుకోవడం, మీద ఆనడం ఈ పనిలో తప్పదు కనుక, ఎక్కడ పట్టుకోవచ్చో ఎక్కడ కూడదో ముందే అడిగి తెలుసుకోవాలి. ‘వద్దు’ అన్నవారిని కారణం అడగకూడదు. ఆడపిల్లల తల్లిదండ్రులను మొదటి రోజే పిలిచి కూర్చోబెట్టి చూపిస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

తొలి ప్రదర్శన పట్నంలో వద్దు. రచ్చబండ దగ్గర, చుట్టూ జనం కూర్చునేలా, ఆ పనులు చేసేవారి ముందే వేయాలి. అయ్యాక ‘బాగుందా’ అని అడగకూడదు, మొహమాటానికి బాగుందనే అంటారు. ‘చెయ్యి ఎక్కడ తప్పింది’ అని అడగాలి. ముప్పై ఏళ్లు ఆకు కోసిన తల్లి లేచి వచ్చి నటుడి మణికట్టు పట్టుకుని సరిచేస్తుంది. అప్పటికి నాటకం సగం కట్టినట్టు.

తునికాకు కోత ఏడాదికి కొన్ని వారాలే, ఎండాకాలంలోనే. చూడదలచినవారు ఆ రోజుల్లో తెల్లవారకముందే అడవి దారి పట్టాలి, ఫోన్ ఇంట్లో పెట్టి.