ట్రాక్టరు మొగ్గు – బోల్తాపడు తీరు

ఎడ్లబండి తోలిన రైతుకు మొగ్గు అన్నమాట క్రొత్తది కాదు. బస్తాలు ముందుకు వేసినచో కాడి ఎడ్ల మెడలపై పడును. వెనుకకు వేసినచో నొగ పైకి లేచును. ఇరుసుకు అటునిటు బరువు సరిచూచుట మన పెద్దలకు కంటికొలతతో తెలిసిన పని. అదే రైతు ట్రాక్టరు ఎక్కినపుడు, ఇంత బరువైన యంత్రము ఎట్లు పడునని ధీమాగా ఉండును. కాలువగట్లపైనను, పుంతలలోను జరుగు ప్రమాదములకు ఈ ధీమాయే చాలవరకు కారణమని నా అభిప్రాయము.

ట్రాక్టరుకు చక్రములు నాలుగైనను, నిలకడలో అది ముక్కాలిపీట వంటిది. ముందు ఇరుసు మధ్యనున్న ఒక్క చీలపై కొంతవరకు ఊగుచుండును. కాబట్టి ఆధారములు మూడే: వెనుక చక్రములు రెండు, ముందు చీల ఒకటి. బరువు కేంద్రము ఈ మూడింటి నడుమ ఉన్నంతవరకే బండి నిలుచును. ఒక చక్రము గట్టు అంచున దిగినచో ఆ కేంద్రము ప్రక్కకు జరుగును. మలుపులో వేగము రెట్టింపయినచో బయటకు నెట్టు బలము నాలుగురెట్లగును. రోడ్డుపై పోవునపుడు రెండు బ్రేకు పెడళ్లను కలిపి గొళ్ళెము వేయవలెను. లేనిచో ఒక చక్రమే పట్టి బండి తిరుగబడును.

ఇక చిన్న లెక్క చూతము. ట్రాక్టరు 2,000 కిలోలు తూగుననుకొనుడు. ముందు చక్రములపై 700, వెనుక చక్రములపై 1,300 కిలోలు. ఇరుసుల నడుమ దూరము 2 మీటర్లు. వెనుక ఇరుసుకు 1 మీటరు వెనుకగా 400 కిలోల రోటవేటరును ఎత్తిపట్టినచో వెనుక 600 పెరిగి, ముందు 200 తగ్గును. మిగిలిన 500 మొత్తము బరువులో ఐదవ వంతుకు కొంచెమే ఎక్కువ. అంతకు తగ్గినచో స్టీరింగు పట్టు తప్పును. దమ్ములో దిగబడుచున్నదని ముందు బరువు దిమ్మలు తీసినవారు, రోటవేటరు ఎత్తి గట్టెక్కుటకు ముందు వానిని తిరిగి బిగించవలెను.

సార్వా దమ్ములలో చక్రములు దిగబడుట మామూలే. అపుడు కొందరు వెనుక చక్రములకు దుంగను అడ్డముగా గొలుసుతో కట్టి, గేరు వేసి క్లచ్చి ఒక్కసారిగా వదలుదురు. ఇంతకంటె ప్రమాదకరమైన పని వేరొకటి లేదు. చక్రము తిరుగలేనపుడు ఇంజను శక్తి ఊరకుండదు; ఇరుసు చుట్టు ట్రాక్టరునే పైకి త్రిప్పును. ముందుభాగము లేచుట మొదలు వెల్లకిలా పడువరకు పట్టునది సుమారు సెకనున్నర. అందులో సగము గడచునప్పటికే క్లచ్చి తొక్కినను ఫలముండదు. ఎంత నేర్పరి అయినను ఇచట చేయగలిగినది లేదు. చక్రముల వెనుక బురద తవ్వి, రివర్సు గేరులో మెల్లగా బయటకు రావలెను. రానిచో వేరొక ట్రాక్టరుతో లాగించవలెను. ఒక పూట పోయినను నష్టము లేదు.

లంకలనుండి కొబ్బరికాయలు, అరటిగెలలు వేసికొని ఏటిగట్టు ఎక్కునపుడును ఇదే తీరు. వాలుపై బరువు వెనుకకు జరుగును. ట్రక్కును డ్రాబారుకే తగిలించవలెను. ఇరుసుకంటె ఎత్తున తగిలించినచో ఆ లాగుడే ముందుభాగమును లేపును. రెండు చక్రముల ట్రక్కులో సరుకు వెనుకకు వేసినచో, బండి నొగ లేచినట్లే, అది ట్రాక్టరు వెనుకభాగమును పైకెత్తును. వెనుక చక్రముల పట్టు పోయి దిగుడులో బ్రేకు పనిచేయదు. ప్రక్క పలకలు ఎత్తు పెంచి గడ్డి వేయువారు కూడ సరుకు కొంచెము ముందుకే మొగ్గునట్లు చూచుకొనవలెను.

స్వీడను దేశములో 1959లో క్రొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రము తప్పనిసరి చేసిరి. పిమ్మట అచట బోల్తా మరణములు బాగుగా తగ్గినవి. కొబ్బరితోటలో కోకో కొమ్మలు తగులుచున్నవని చట్రమును కోసివేయరాదు. మడుచుకొను రకము బిగించుకొని, తోట దాటగానే తిరిగి నిలుపవలెను. చట్రము నిలిపియున్నపుడు బెల్టు కట్టుకొనవలెను. చట్రము లేని ట్రాక్టరుపై మాత్రము బెల్టు కట్టుకొనరాదు. మడ్‌గార్డుపై పిల్లలను ఎన్నడును కూర్చుండబెట్టరాదు.