అవ్వ చేతి కొలత – పంచాయతీ పుస్తకము

(గ్రామ పంచాయతీ సభ్యులకు పాఠము)

పంచాయతీ ఆస్తులనగానే మనకు చెరువు, బావి, బాట, బడి, వీధిదీపములు జ్ఞప్తికి వచ్చును. వీనికన్నిటికిని రిజిస్టర్లు గలవు. అయితే ఏ రిజిస్టరునకును ఎక్కని ఆస్తి యొకటి ప్రతి గ్రామమునందును గలదు. అది మన ఇండ్లలోని అవ్వల చేతులలో నున్నది. ఏ గింజను ఏ ఋతువునందు ఎట్లు నానవేసి, దంచి, వండి తినవలెనో వారికి తెలియును. తల్లి కూతురునకు, అత్త కోడలికి చూపుచు వచ్చిన ఈ విద్య మన కన్నుల యెదుటనే తరిగిపోవుచున్నది. దానిని నిలుపుకొనుటకు పంచాయతీ చేయదగిన పని యేదో ఈ పాఠమున తెలిసికొందము.

మూడు ప్రాంతములు – ఒకే ముద్ద

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి భాగమునందలి మెట్టభూములు. తరతరములుగా ఇచటి రైతు వానను, చెరువును, బావిని నమ్ముకొని బ్రతికినాడు. ఆ నేలకు తగిన పంటలు రాగి, అనప, ఉలవ, కంది, చెనిక్కాయ. ఆ పంటలకు తగినదే వంట. నేడు మదనపల్లె పేరు చెప్పిన టమాటా మార్కెట్టు గుర్తుకు వచ్చును. పుంగనూరు పేరు చెప్పిన పొట్టి ఆవు గుర్తుకు వచ్చును. కుప్పము మూడు రాష్ట్రములు కలియు చోటు. అచట తెలుగింట సంగటి అనునదే కన్నడమువారింట ముద్దె, తమిళులయింట కళి. భాష మారినను ముద్ద మారలేదు.

వంటలో దాగిన విద్య

మొదట సంగటిని చూతము. ఒక గ్లాసు నూకలను సుమారు ఆరు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికింతురు. దానిపై రెండు గ్లాసుల రాగిపిండిని కుప్పగా పోసి, కలుపక, తెడ్డుతో నడుమ ఒక గుంట చేసి, మూతపెట్టి, సన్నని సెగపై కొంతసేపు ఉంతురు. పిండి ఆవిరికి మ్రగ్గిన పిదపనే తెడ్డుతో బలముగా కెలికి, తడిచేతితో ముద్దలు చేయుదురు. తొందరపడి ముందే కలిపినచో పిండి ఉండలు కట్టి, లోపల పచ్చిగా నిలిచిపోవును. తడివ్రేలు తాకించినప్పుడు పిండి అంటుకొననిచో సంగటి అయినట్లే.

రాగి ఘనత రుచితో ముగియదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల రాగులలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియము గలదు. తెల్లబియ్యములో అది పది మిల్లీగ్రాములైనను లేదు. రాగులకు పురుగు అంత త్వరగా పట్టదు. అందుచేతనే పెద్దలు వానిని పాతరలలో ఏండ్ల తరబడి నిలువచేసి కరవునకు దాచుకొనిరి. మిగిలిన ముద్దను రాత్రి నీటిలో వేసి, ఉదయమున మజ్జిగ కలిపి, ఉల్లిపాయతో త్రాగుట వేసవిలో పొలము పనికి పోవువారి అలవాటు. పులిసిన ఆ సద్దికి తోడు ఇంటి ఆవు మజ్జిగయే.

రెండవది పితికినపప్పు. ఇది చలికాలపు వంట. మంచు కురిసిన దినములలో అనపకాయకు వాసన హెచ్చునని రైతులు చెప్పుదురు. పచ్చి గింజలను ఒలిచి, రాత్రియంతయు నీటిలో నానవేసి, ఉదయమున రెండు వ్రేళ్ళ నడుమ ఒక్కొక్క గింజను పితికినచో తోలు జారి పప్పు బయటపడును. ఒక్కరే చేసిన పూట గడచిపోవును. అందుచే ఇరుగుపొరుగువారు ఒక అరుగున చేరి, ముచ్చటలాడుచు పితుకుదురు. ఆ పప్పును కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి నూరిన మసాలాతో ఉడికించి సంగటితో తిందురు. వంట మరచిన ఇంట అనపకాయతో పని లేదు. అడుగువారు లేని పంటను రైతు విత్తడు. రెండు మూడేండ్లు విత్తని విత్తనము ఆ యింట మిగులదు. పొయ్యిమీద మొదలైన నష్టము ఈ విధముగా పొలమునకు ప్రాకును.

మూడవది ఊరుబిండి. వేయించిన చెనిక్కాయ గింజలను, మిరపకాయలను, చింతపండును, వెల్లుల్లిని, ఉప్పును రోట బరకగా నూరుదురు. ఇచట ఒక సంగతి గమనింపవలెను. చెనిక్కాయ, మిరప రెండును అమెరికా ఖండమునుండి వచ్చిన పంటలు. టమాటాయు అంతియే. కొన్ని వందల ఏండ్ల క్రిందట మన అవ్వలకు అవి తెలియవు. వచ్చిన గింజను పరీక్షించి, మన నాలుకకు తగినట్లు మలచి, మనవరాండ్రకు అప్పగించిన వారును అవ్వలే. కనుక పాతవంట అనగా కదలని రాయి కాదు. క్రొత్తదానిని ఇముడ్చుకొను తెలివియు అందులో నున్నది.

పాతదంతయు మంచిదేనా?

కాదు. ప్రతి అలవాటును నేటి తెలివితో తూచి చూడవలెను. అట్లు చూచినప్పుడు పెద్దల మాటలు కొన్ని మునుపటికంటె బలపడును, కొన్నింటిని సవరింపవలసి వచ్చును.

చెనిక్కాయలను చేటలో పోసి బూజుపట్టిన గింజలను ఏరివేయుట అవ్వల అలవాటు. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టును. అది వేయించినను పూర్తిగా పోదు. కళాయి లేని ఇత్తడి పాత్రలో పులుసు కాచరాదనిరి. పులుపు తాకినచో రాగిలోహము ఆహారములోనికి దిగును. ఈ రెండును నిలుపుకొనదగినవి.

రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి విసరుటయు అట్టిదే. మొలక పిండితో కాచిన జావ చిక్కబడదు. కావున కొలదిపాటి జావలోనే ఎక్కువ పిండిని బిడ్డకు ఇముడ్చవచ్చును. రాగిలోని ఇనుము కూడ ఒంటికి మెరుగుగా అందును. కాని ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లిపాలు తప్ప జావ పోయరాదు. ఇచట పాత అలవాటును మార్చుకొనుటయే మేలు.

చేనిగట్ల గురుగాకు, చెంచలాకు, పొన్నగంటాకు కోసి తెచ్చి, పప్పుతో ఉడికించి, ఎనిపి తినుట మంచి ఆహారమే. అయినను కలుపుమందు చల్లిన పొలములోని ఆకు కోయరాదు. అవ్వ కాలమున ఈ మందులు లేవు గనుక ఆమె ఈ హెచ్చరిక చేయలేదు. మనము దానిని చేర్చి వ్రాయవలెను.

ఎట్లు వ్రాసికొనవలెను?

మేము ఒక ఇంట ముసలమ్మను, “ఉప్పు ఎంత వేయవలెను అవ్వా?” అని అడిగితిమి. “చేతికి తెలుస్తాదిలే నాయనా” అని ఆమె నవ్వినది. ఆ మాటలో సత్యమున్నది. అయితే ఆ చేయి లేని నాడు కోడలికి తెలియుట యెట్లు? కావున ఈ క్రింది క్రమమును అనుసరింపుడు.

1. అడిగి వ్రాయవలదు, వండించి చూచి వ్రాయుడు. అవ్వ పిడికిట పట్టిన దానిని పాత్రలో వేయుటకు ముందు తూకము వేయుడు. ‘పిడికెడు’ అను మాటను ఉంచి, ప్రక్కన గ్రాములు చేర్చుడు.

2. గింజ, ఆకు, పనిముట్లు – వీని పేర్లను మీ ఊరిలో పలుకునట్లే వ్రాయుడు.

3. ఏ నెలలో ఏ చేనినుండి ఆ గింజ వచ్చునో, విత్తనము ఇంకను ఎవరియొద్ద నున్నదో గుర్తింపుడు.

4. ప్రతి పనికిని కారణమడుగుడు. “ఎందుకు నానవేయుదువు? ఎందుకు మూతపెట్టుదువు?” అను ప్రశ్నలకు వచ్చు జవాబులే అసలు విద్య.

5. అన్ని వీధులకును పొండు. దళితవాడ, సుగాలీ తండా, ముస్లింల ఇండ్లు, కన్నడము, తమిళము మాటలాడు ఇండ్లు – అందరి వంటయు ఊరి వంటయే. పెద్ద ఇండ్లవి మాత్రమే వ్రాసిన అది ఊరి పుస్తకము కానేరదు.

6. చెప్పినవారి అనుమతి పొంది, వారి పేరు వ్రాయుడు. తమ ఇంటి పద్ధతిని చెప్పుట ఇష్టము లేనివారిని బలవంతపెట్టరాదు.

పంచాయతీకి గల అధికారము

ఇది ఆడవారి వంటింటి ముచ్చట, పంచాయతీకేల అని సభ్యులు కొందరు అనవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో వ్యవసాయము, స్త్రీ శిశు సంక్షేమము, సాంస్కృతిక కార్యక్రమములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య నిర్వహణ కమిటీని ఏర్పరుపవలెను. స్థానికులను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధపరచుట ఆ కమిటీ ముఖ్యమైన పని. ఊరి విత్తనములు, ఆకులు, వాని వాడుకను గూర్చిన తెలివి అందు చేరవలెను. పితికినపప్పు కథ అందులోనికి రాదగినదే.

కాలమును మనకు అనుకూలముగా నున్నది. మన దేశము 2018ని చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. ఆ యేటనే మార్చిలో మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ ఇచ్చుట మొదలైనది. పట్టణపు అంగళ్ళలో రాగి పొట్లములకు గిరాకి పెరిగినది. మన అవ్వల విద్యను ఇతరులు పొట్లము కట్టి మనకే అమ్మకమునుపే, మన స్వయంసహాయక సంఘముల స్త్రీలు దానిని తెలిసికొని, దానివలన లాభము పొందుట న్యాయము.

అభ్యాసము

వచ్చు సమావేశమునకు ముందు ప్రతి సభ్యుడును ఈ ప్రశ్నలకు జవాబులు సేకరించుకొని రావలెను.

– మీ వార్డులో డెబ్బది యేండ్లు దాటిన స్త్రీలు ఎందరు? వారిలో ఎవరు ఏ వంటకు పేరుపొందినవారు?

– మీ బాల్యమున తిని, నేడు మీ యింట కానరాని వంట యేది? దాని గింజ ఇంకను ఊరిలో పండుచున్నదా?

– ఊరి పుస్తకమును వ్రాయుటకు బడి ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, కళాశాల విద్యార్థులలో ఎవరు తోడ్పడగలరు?

మొదటి యేట పది వంటలు చాలును. వానిని గ్రామసభలో చదివి వినిపింపుడు. ఒక ప్రతి బడిలో, ఒకటి పంచాయతీ కార్యాలయములో ఉంచుడు. సంక్రాంతినాడు చెప్పిన అవ్వల చేతనే వండించి, పిల్లలకు వడ్డించి, వారి ముందే చదివింపుడు. కూలిన బావిని నిధులు వచ్చిన తరువాత మరల త్రవ్వవచ్చును. అవ్వతో పోయిన విద్యను ఏ నిధులును తిరిగి తేలేవు. కావున ఈ పనిని వచ్చు ఏటికి వాయిదా వేయకుడు.