కత్తికి నోరుంటే ఏం చెబుతుంది?



ఈ నెల నేను రాసే పాఠం కత్తుల గురించి. కత్తులనగానే యుద్ధాలు, రక్తం అనుకోకండి. కత్తి కూడా ఒక పుస్తకమే, చదవడం వస్తే. చదవడం రాకపోతే ఏమవుతుందో నాకే జరిగింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. సిగ్గుగా ఉంది గాని చెప్పాలి.

జపాను కథ

సెలవుల్లో మా పెద్దమ్మ కొడుకు హైదరాబాదు నుండి వచ్చి ఫోనులో ఒక జపాను బొమ్మల సినిమా చూపించాడు. జపాను వాళ్ళు అలాంటి వాటిని యానిమే అంటారు. దీని పేరు 'తోకెన్ రన్బు'. మొదట 2015 జనవరిలో కంప్యూటర్ ఆటగా వచ్చింది. ఆట బాగా పేరు తెచ్చుకోవడంతో 2016లో ఒక బొమ్మల సీరియల్, 2017లో ఇంకొక సీరియల్ తీశారు.

కథ ఇది. సంవత్సరం 2205. కొందరు దుష్టులు కాలంలో వెనక్కి వెళ్ళి పాత చరిత్రను మార్చేయాలని చూస్తుంటారు. ఓడినవాణ్ణి గెలిపించడం, చావాల్సినవాణ్ణి బతికించడం వాళ్ళ పని. వాళ్ళను ఆపడానికి ప్రభుత్వం ఒక మనిషిని పెడుతుంది. ఆ మనిషికి ఒక శక్తి ఉంది. పాత కత్తుల్లో ఉన్న ఆత్మలను లేపి మనుషుల్లా నిలబెట్టగలడు. ఆ కత్తి వీరులు వెనకటి కాలానికి వెళ్ళి, జరిగింది జరిగినట్టే ఉండేలా కాపలా కాస్తారు.

వస్తువుకు ఆత్మ ఉంటుందనేది జపానులో పాత నమ్మకం. చాలా ఏళ్ళు మనిషి వాడిన వస్తువుకు ప్రాణం వస్తుందంటారు. మనకు ఇది వింత కాదు. దసరాకు మన ఇళ్ళలో కత్తి, గొడ్డలి, కొడవలి కడిగి బొట్టు పెడతాం కదా. ప్రాణం లేనిదానికి ఎవరైనా బొట్టు పెడతారా?

అందులోని కత్తులు చాలావరకు నిజంగా ఉన్నవే. 'మికజుకి మునెచిక' అనే కత్తి సుమారు వెయ్యేళ్ళ నాటిది. దాని అంచున నెలవంక లాంటి గుర్తులు కనిపిస్తాయి. ఆ పేరులో మొదటి మాటకు అర్థం నెలవంకే. రెండోది దాన్ని చేసిన కమ్మరి పేరు. ఇప్పుడది టోక్యో మ్యూజియంలో జాతీయ సంపదగా ఉంది. జపాను కమ్మరులు చాలామంది పిడి లోపల దాగే ఇనుప భాగం మీద తమ పేరు చెక్కేవారు. అంటే కత్తికి పుట్టిన సర్టిఫికెట్ దాని ఒంటి మీదే ఉంటుందన్నమాట.

కాలిపోయిన కత్తి

నాకు బాగా నచ్చింది 'ముత్సునోకామి యోషియుకి'. ఇది సకమోతో రియోమా అనే వీరుడిది. ఒకరితో ఒకరికి పడని రెండు పెద్ద సంస్థానాలను 1866లో కలిపి, జపానులో పాత సైనిక పాలన పోవడానికి దారి వేసినవాడు రియోమా. 1867లో క్యోటో నగరంలో శత్రువులు ఆయనను చంపేశారు. అప్పటికి ఆయనకు ముప్పై పైన కొద్ది ఏళ్ళే.

ఆయన కత్తి ఆయన వంశం వాళ్ళ దగ్గర ఉండేది. 1913లో జరిగిన అగ్నిప్రమాదంలో అది కాలింది. వంపు పోయింది, అంచు మీది అలల గుర్తులు చెరిగిపోయాయి. అందుకని తరువాత కొందరు, ఇది రియోమా కత్తేనా అని అనుమానపడ్డారు. మ్యూజియం వాళ్ళు పాత కాగితాలు వెతికి, కత్తిని మళ్ళీ పరిశీలించి, ఇదే అని తేల్చారు. చూశారా, కత్తి ఒక్కటే చాల్లేదు. కాగితం కూడా కావాల్సి వచ్చింది.

బొమ్మల కథలో అసలు కష్టం ఇక్కడే ఉంది. మనిషి రూపం వచ్చిన ఆ కత్తి తన యజమాని బతికున్న రోజులకు వెళ్తుంది. ఆయన ఎప్పుడు, ఎలా చనిపోతాడో దానికి తెలుసు. అయినా ఆపకూడదు. ఆపితే చరిత్ర మారిపోతుంది. చూస్తుంటే నాకు గొంతులో ముద్ద అడ్డం పడినట్టయింది.

మన తెలుగులో

కాలంలో వెనక్కి వెళ్ళే కథ మనకూ ఉంది. సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన 'ఆదిత్య 369' సినిమా 1991లో వచ్చింది. అందులో బాలకృష్ణ కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి, 1526వ సంవత్సరానికి వెళతాడు. ఆ తరువాత 2504కు పోతాడు. రాయలు పాలించింది 1509 నుండి 1529 వరకు కాబట్టి ఆ లెక్క సరిపోయింది. ఆ కథంతా రాయల నాటి ఒక వజ్రం చుట్టూ తిరుగుతుంది. అక్కడ కత్తి, ఇక్కడ వజ్రం. ఏదైనా, చేత్తో పట్టుకునే ఒక వస్తువు ఉంటేనే మనసు వెనక్కి వెళ్తుంది.

ఆయుధం పేరు మీద ఉన్న ఊరు

ఇప్పుడు మన పట్టిసీమకు వద్దాం. మన రేవులో నిలబడితే గోదావరి మధ్యలో దేవకూట పర్వతం, దాని మీద వీరభద్రస్వామి గుడి కనిపిస్తాయి. శివరాత్రికి జనం పడవల్లో కిక్కిరిసి వెళ్తారు. ఈ ఊరికి ఈ పేరు ఎందుకొచ్చిందో ఎంతమందికి తెలుసు?

స్థలపురాణం ప్రకారం దక్షయజ్ఞం నాడు వీరభద్రుడు దక్షుడి తల నరికిన ఆయుధం పేరు పట్టిసం. కోపం తీరాక ఆ ఆయుధాన్ని ఇక్కడే గోదావరిలో కడిగాడట. అందుకే ఇది పట్టిసం, పట్టిసీమ అయింది. అంటే మనం రోజూ కాపీల మీద రాసే ఊరి పేరులోనే ఒక ఆయుధం దాగి ఉంది.

ఇది పురాణం. చరిత్రకు సంవత్సరం ఉండాలి, సాక్ష్యం ఉండాలి. పురాణానికి నమ్మకం ఉంటుంది. రెండూ మనవే గాని రెండూ ఒకటి కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. పరీక్షకు కాదు, మీ కోసం.

మన కొండల చరిత్ర

సంవత్సరాలున్న చరిత్ర కూడా మన చుట్టూ ఉంది. మనకు పైన గోదావరి ఒడ్డునే ఉన్న కొరుటూరు నుండి కారుకొండ సుబ్బారెడ్డి అనే కొండరెడ్డి నాయకుడు ఇంగ్లీషు వాళ్ళ మీద తిరగబడ్డాడు. 1858లో ఆయనను ఉరి తీశారు. 1879లో రంప కొండల్లో పెద్ద తిరుగుబాటు వచ్చింది. కల్లు మీద కూడా పన్ను వేసి, మనసబుదారు జనాన్ని పీడించినందుకు ముఠాదారులు, రైతులు లేచారు.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గిరిజన వీరులు కలిసి చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు స్టేషన్లలో కలిపి 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు తీసుకున్నారు. దొంగల్లా పారిపోలేదు. ఏమేం తీసుకున్నారో లెక్క రాసి రాజు సంతకం పెట్టాడు.  ఆయన పక్కన నిలబడిన గాం గంటందొర 1924లో చనిపోయాడు. గంటందొర తమ్ముడు మల్లుదొర జైలుపాలై, బయటికి వచ్చి, 1952లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఈ సంగతి మన తరగతిలో అడిగితే ఒక్కరికీ తెలియలేదు. నాకూ ఈ మధ్యనే తెలిసింది.

రాజును 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. మీకు కాలయంత్రం ఇస్తే ఆ రోజుకు వెళ్ళి ఆయనను కాపాడతారా అని మా గదిలో అడిగాను. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. కాని ఆ రాత్రి పడుకున్నాక అనిపించింది, వెనక్కి వెళ్ళడం మన చేతిలో లేదు. జరిగినదాన్ని మార్చడం మాత్రం మన చేతిలో ఉంది. ఎలాగంటారా? అబద్ధం చెబితే చాలు, మారిపోతుంది.

నేను చేసిన తప్పు

మా ఊరు గోదావరి ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు ముంపులో పోయింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఇంటి కప్పు కూడా కనపడలేదు. ఇప్పుడు మేం కాలనీలో ఉంటున్నాం. అక్కడి నుండి తెచ్చుకున్న కొద్ది సామానులో మా తాత వేటకత్తి ఒకటి. పిడి వదులైపోయింది, అంచు అరిగి సన్నబడింది.

పోయిన సంవత్సరం హాస్టల్లో మా గదివాళ్ళతో, ఇది సీతారామరాజు గారి దళంలో తిరిగిన కత్తి అని చెప్పేశాను. ఎవరూ చెప్పలేదు నాకు. నేనే అల్లాను. అందరూ నోళ్ళు తెరిచి విన్నారు. నాకు గొప్పగా అనిపించింది.

ఈ సెలవుల్లో మా బాబాయి ఆ కత్తిని పాత ఇనుము కింద అమ్మేద్దామన్నాడు. నేను అడ్డం పడి, అది రాజుగారి కాలం నాటిది, అమ్మొద్దు అన్నాను. మా నాయనమ్మ చేటలో బియ్యం చెరుగుతూ ఆగి నవ్వింది.

"ఒరే, రాజుగారి కాలానికి మీ తాత పుట్టనే లేదు. ఎనభై ఆరు వరదలో మన ఇల్లు కొట్టుకుపోయింది. కత్తి, గొడ్డలి అన్నీ పోయాయి. నీళ్ళు తీశాక మీ తాత కూలి చేసి, ఆ డబ్బుతో సంతలో కమ్మరి దగ్గర ఈ కత్తి చేయించుకున్నాడు. దీంతోనే వెదుళ్ళు నరికి మళ్ళీ ఇల్లు కట్టాడు. అప్పుడు మీ నాన్న చంకలో పిల్లోడు" అంది.

నాకు మాట రాలేదు. 1986 ఆగస్టు వరదకు భద్రాచలం దగ్గర నీళ్ళు 75 అడుగులు దాటాయి. అంత వరద తరువాత, ఏమీ మిగలని మనిషి మొదట సంపాదించుకున్న వస్తువు ఇది. అదే కత్తి ఇంకో వరద కూడా చూసింది. నిజం ఇంత పెద్దది ఉండగా నేను అబద్ధం అతికించాను. ఇంకొక్క ఏడాది నేను అడగకపోయి ఉంటే నా అబద్ధమే మా ఇంటి చరిత్ర అయ్యేది. మా తాత కట్టిన ఇల్లు రెండోసారి పోయేది, ఈసారి నా వల్ల. బొమ్మల సినిమాలో చరిత్రను చెరిపే దుష్టులు ఎక్కడో 2205లో లేరు. నేనే వాళ్ళలో ఒకణ్ణి.

మా గదివాళ్ళకు ఈ పత్రిక ముఖంగా చెబుతున్నాను. నేను చెప్పింది అబద్ధం. క్షమించండి. కత్తి అమ్మలేదు. బాబాయే దానికి కొత్త పిడి వేశాడు.

మనం ఏం చేయాలి?

మనలో చాలామంది ఊళ్ళు నీటి కింద ఉన్నాయి, లేదా రేపు ఉంటాయి. ఊరు పోయినా వస్తువు మిగులుతుంది. వస్తువు మిగిలినా కథ తెలిసినవాళ్ళు వెళ్ళిపోతారు. అందుకని ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పాత వస్తువు ఎంచుకోండి. విల్లు, బాణం, తిరగలి, డోలు, ఏదైనా సరే. కాపీలో ఇవి రాయండి.

1. ఇది ఎవరిది? ఎవరు చేశారు, దేనితో చేశారు?
2. ఎప్పటిది? పెద్దవాళ్ళకు సంవత్సరం తెలియదు. అందుకని 86 వరదకు ముందా తరువాతా, ఫలానా పెళ్ళికి ముందా తరువాతా అని అడగండి. సంవత్సరం దానంతటదే దొరుకుతుంది.
3. దీంతో ఏం పని చేశారు?
4. ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు? వాళ్ళు కళ్ళారా చూశారా, విన్నారా?
5. ఏది తెలియలేదో అది కూడా రాయండి. ఖాళీ వదలండి. ఖాళీలో సొంత కథ రాయకండి. నాలాగా.

వచ్చే నెల గోడపత్రికలో ఈ పక్కనున్న జాగా మీ వస్తువుల కోసం వదిలిపెట్టాలని వార్డెను గారిని కోరుతున్నాను. మొదటి కాగితం నేను అంటిస్తాను. అందులో మా తాత వేటకత్తి బొమ్మ ఉంటుంది. దాని కింద, నాయనమ్మ చెప్పింది చెప్పినట్టు ఉంటుంది.

ఆలోచించి జవాబు చెప్పండి

అ) పురాణానికి, చరిత్రకు తేడా ఏమిటి? పట్టిసీమ పేరును ఉదాహరణగా తీసుకొని చెప్పండి.
ఆ) రియోమా కత్తి అసలుదేనని తేల్చడానికి కాగితాలు ఎందుకు కావలసి వచ్చాయి?
ఇ) మీ ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు ఏది? దాని సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?

మూడో ప్రశ్నకు జవాబు "ఒక్కరే" అయితే, ఈ ఆదివారమే ఫోను చేయండి.