రెండు కంప్యూటర్లు, ఒకే నోట్సు: సింక్ ఒక్కటే కాపాడదు

పోటీ పరీక్షలకు చదివేవాళ్ల నోట్సు ఇప్పుడు సగానికి సగం కంప్యూటర్లోనే ఉంటోంది. కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, పాలిటీ మీద సొంతంగా రాసుకున్న పాయింట్లు, మాక్ టెస్టుల్లో తప్పిన ప్రశ్నల పట్టిక అందులోనే. గేట్ అభ్యర్థి దగ్గర ఫార్ములా షీట్లుంటాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కునేవాళ్ల దగ్గర ఇంటర్వ్యూ ప్రశ్నలు, ప్రాక్టీసు కోడ్ ఉంటాయి. అదంతా ఒకే కంప్యూటర్లోనూ ఉండదు. చిక్కడపల్లి లైబ్రరీ చుట్టుపక్కల గది తీసుకుని గ్రూప్స్‌కు చదివే అభ్యర్థికి గదిలో ల్యాప్‌టాప్, ఊళ్లో పాత డెస్క్‌టాప్. ఇంజినీరింగ్ విద్యార్థికి హాస్టల్లో ఒకటి, ఇంట్లో ఒకటి. కొత్త ఉద్యోగికి కంపెనీ ఇచ్చినదొకటి, సొంతదొకటి.

రెండు చోట్లా నోట్సు ఒకేలా ఉండేట్టు చూసుకోవడం ఒక పని. పొరపాటున పోతే తిరిగి దొరికేట్టు చూసుకోవడం వేరే పని. మొదటిది సింక్, రెండోది బ్యాకప్. మొదటిది పెట్టుకున్నవాళ్లలో చాలామంది రెండోదీ అయిపోయిందని నమ్ముతున్నారు. ఏళ్ల తరబడి రాసుకున్నది పోయేది ఈ నమ్మకం వల్లే.

సింక్ చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఒక పేరా చేరిస్తే డెస్క్‌టాప్‌లోనూ చేరుస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ చెరిపితే డెస్క్‌టాప్‌లోనూ చెరుపుతుంది. ఆ చెరపడం కావాలని చేశారా, నిద్రమత్తులో జరిగిందా, వైరస్ చేసిందా అన్నది దానికి తెలియదు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటిది మీ ల్యాప్‌టాప్‌లో ఫైళ్లకు తాళం వేస్తే, సింక్ ఆ తాళం వేసిన ఫైళ్లనే రెండో కంప్యూటర్‌కూ నమ్మకంగా చేరవేస్తుంది.

క్లౌడ్‌లో ట్రాష్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో పడినది 30 రోజులకు దానంతటదే పోతుంది. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలోనూ గడువు 30 రోజులే. ప్రిలిమ్స్ అయ్యాక మెయిన్స్ ఫోల్డర్ తెరిచేసరికి ఎంత కాలం గడుస్తుందో అభ్యర్థులకు నేను చెప్పనక్కర్లేదు. జనవరిలో పొరపాటున పోయిన ఎకానమీ నోట్సు ఏప్రిల్‌లో గుర్తొస్తే ట్రాష్‌లో ఏమీ మిగలదు.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 1998లో పిక్సార్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ సినిమా తయారవుతుండగా ఎవరో ఇచ్చిన డిలీట్ కమాండుతో సినిమా ఫైళ్లలో అధిక భాగం చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందనుకుని చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గేలిన్ సుస్మన్ చంటిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తూ, ఇంట్లోని కంప్యూటర్లో సినిమా కాపీ ఒకటి ఉంచుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకు తెచ్చారు. ఆ ఇంటి కాపీ స్టూడియోతో క్షణక్షణం సింక్ అవుతూ ఉండి ఉంటే అదీ ఆ పూటే ఖాళీ అయ్యేది. కాస్త పాతది కాబట్టే, విడిగా ఉంది కాబట్టే అది పనికొచ్చింది.

ముందు నోట్సు ఏ రూపంలో ఉందో చూడండి

ఏ యాప్ వాడాలన్నది తర్వాతి ప్రశ్న. ముందు మీ నోట్సు నిజంగా మీ డిస్కులో ఉందో లేదో చూడండి. గూగుల్ డాక్స్‌లో రాసినవాళ్లు దీని మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి. డ్రైవ్ ఫోల్డర్‌లో కనిపించే డాక్స్ ఫైలు వట్టి చిరునామా మాత్రమే. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే ఆ చిరునామాయే వస్తుంది, లోపలి అక్షరం ఒక్కటీ రాదు. గూగుల్ టేకౌట్ ద్వారా గానీ, డౌన్‌లోడ్ మెనూ ద్వారా గానీ వర్డ్ ఫైలుగా దించుకుంటేనే అది మీ చేతికి వచ్చినట్టు.

డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్‌లో స్ట్రీమ్, మిర్రర్ అని రెండు పద్ధతులున్నాయి. స్ట్రీమ్‌లో పేర్లన్నీ కనిపిస్తాయి, ఫైలు మాత్రం తెరిచినప్పుడు నెట్ నుంచి వస్తుంది. వన్‌డ్రైవ్‌లోనూ అంతే, ఫైలు పక్కన మబ్బు గుర్తు ఉంటే అది మీ డిస్కులో లేదు. పరీక్షకు వెళ్తూ రైల్లో తెరుద్దామంటే తెరుచుకోదు. డ్రైవ్‌లో మిర్రర్ పద్ధతి ఎంచుకోండి, వన్‌డ్రైవ్‌లో నోట్సు ఫోల్డర్‌ను ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచమని చెప్పండి. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండితే సింక్ ఆగిపోతుంది. జీమెయిల్, ఫొటోలు, డ్రైవ్ మూడింటికీ కలిపి గూగుల్ ఇచ్చేది 15 జీబీ. పెళ్లి ఫొటోలతో అది నిండిపోతే నోట్సు కూడా ఆగుతుంది.

నా సలహా అడిగితే, సొంతంగా రాసే నోట్సు మామూలు టెక్స్ట్ లేదా మార్క్‌డౌన్ ఫైళ్లలో ఉంచమంటాను. ఒబ్సిడియన్ అలాంటి ఫైళ్లనే నేరుగా మీ ఫోల్డర్‌లో ఉంచుతుంది. జాప్లిన్ లోపల డేటాబేస్ వాడుతుంది గానీ అదే రూపంలోకి ఎగుమతి చేసి ఇస్తుంది. యాప్ మూతపడినా, నియమాలు మారినా నోట్‌ప్యాడ్‌తో తెరుచుకోవచ్చు. నియమాలు మారడం ఊహ కాదు. లక్షల మంది వాడిన ఎవర్‌నోట్ 2023 డిసెంబరులో ఉచిత ఖాతాలను 50 నోట్సులకు, ఒకే నోట్‌బుక్‌కు పరిమితం చేసింది. టెక్స్ట్ చాలా చిన్నది కూడా. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోదానికి 3 బైట్లు. పేజీకి రెండు వేల సంకేతాలనుకున్నా వెయ్యి పేజీల నోట్సు సుమారు 6 ఎంబీ. ఫోన్లో తీసిన రెండు మూడు ఫొటోలంత.

తెలుగు మీడియం వాళ్లకు ఇంకో మాట. డీటీపీ సెంటర్లో టైప్ చేయించుకున్న పాత మెటీరియల్ అను ఫాంట్లలో ఉంటే, ఆ ఫాంటు లేని రెండో కంప్యూటర్లో అది అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. సింక్ సరిగ్గానే జరిగింది, చదవడానికే వీల్లేదు. అందులో తెలుగు మాట టైప్ చేసి వెతికినా దొరకదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒత్తులూ పొల్లులూ ఒకసారి సరిచూసుకుని, అప్పుడు ఫోల్డర్‌లో చేర్చండి.

రెండింటి మధ్య రాకపోకలు

ఒకే సాధనం ఎంచుకోండి. ఒకే ఫోల్డర్ మీద డ్రైవ్, వన్‌డ్రైవ్ రెండూ పెడితే అవి ఒకదాని మీద ఒకటి రాస్తాయి. నెట్ బాగుంటే ఏదో ఒక క్లౌడ్ చాలు. క్లౌడ్ వద్దనుకునేవాళ్లకు సింక్‌థింగ్ ఉంది. ఉచితం, ఓపెన్ సోర్స్. ఫైళ్లు ఏ కంపెనీ సర్వర్లోనూ నిల్వ ఉండవు, నేరుగా ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు వెళ్తాయి. అందువల్ల రెండూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలి. ఊళ్లోని డెస్క్‌టాప్‌ను నెలకోసారి తెరిచేవాళ్లకు ఇది సరిపడదు. ఇందులో పాత ప్రతులు దాచే సౌకర్యం ఉంది గానీ మొదట్లో ఆపేసి ఉంటుంది. మీరే ఆన్ చేసుకోవాలి.

గందరగోళం ఎక్కువగా మొదలయ్యేది ల్యాప్‌టాప్ మూత దగ్గర. రాయడం ముగించి, అప్‌లోడ్ పూర్తికాకముందే మూత వేసేస్తారు. ఇంటికెళ్లి డెస్క్‌టాప్‌లో పాత ప్రతి తెరిచి అందులో రాస్తారు. తర్వాత రెండూ ఎదురుపడినప్పుడు సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని కాన్‌ఫ్లిక్ట్ అని పేరు చేర్చి పక్కన పెడుతుంది. అలాంటి ఫైలు కనిపిస్తే చెత్త అనుకుని చెరపకండి. మీరు ఒక రాత్రంతా రాసింది అందులోనే ఉండొచ్చు. రెండింటినీ పక్కపక్కన తెరిచి కలిపాకే తీసేయండి. సింక్ పూర్తయిన గుర్తు వచ్చాకే మూత వేయడం అలవాటు చేసుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు. అన్నీ ఒకే పెద్ద ఫైలులో కాకుండా రోజుకో, టాపిక్‌కో చిన్న ఫైలు పెడితే ఇంకా తగ్గుతుంది. ఫైలు పేరు ముందు సంవత్సరం, నెల, తేదీ వరుసలో రాస్తే అవి వాటంతటవే కాలక్రమంలో అమరుతాయి.

పరిశోధక విద్యార్థులు జొటెరో వాడుతుంటే, దాని డేటా ఫోల్డర్‌ను మాత్రం డ్రాప్‌బాక్స్ వంటి చోట పెట్టవద్దు. డేటాబేస్ పాడవుతుందని జొటెరో వాళ్లే హెచ్చరిస్తారు. దాని సొంత సింక్ వాడండి, ఉచితంగా 300 ఎంబీ ఇస్తారు.

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు నోట్సును కూడా గిట్‌లో ఉంచితే మంచిది. ఏ రోజు ఏ వాక్యం మారిందో మొత్తం చరిత్ర ఉంటుంది. గిట్‌హబ్‌లో ప్రైవేటు రిపాజిటరీలు 2019 నుంచి ఉచితం. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే గిట్ వాడాల్సి వస్తుంది కాబట్టి ఆ అలవాటు ఇప్పుడే వస్తుంది. పాస్‌వర్డులు మాత్రం అందులో ఎప్పుడూ రాయకండి.

అసలు బ్యాకప్

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి ఇప్పటికీ మంచిదే. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ సాధనాలు, ఒకటి వేరే చోట. ల్యాప్‌టాప్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి అనుకుంటే మూడోది ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు. దాన్ని అమ్మానాన్నల దగ్గర బీరువాలో ఉంచవచ్చు. కాపీ చేశాక కేబుల్ తీసేయండి. కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్కును రాన్సమ్‌వేర్ కూడా చూస్తుంది.

నెలకోసారి కాపీ చేసేటప్పుడు పాతదాని మీదే కొత్తది రాయకండి. టెక్స్ట్ ఎంత చిన్నదో చూశాం కదా, కాబట్టి ప్రతిసారీ ఆ రోజు తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ చేసి మొత్తం నోట్సు అందులో పెట్టండి. పన్నెండు నెలల ప్రతులు ఉన్నా డిస్కు నిండదు, జనవరిలో పోయింది డిసెంబరు ఫోల్డర్‌లో దొరుకుతుంది. విండోస్‌లోని ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లోని టైమ్ మెషీన్ ఇదే పని తమంతట తాము చేస్తాయి. రోబోకాపీ తెలిసినవాళ్లు దాని మిర్రర్ ఆప్షన్‌తో జాగ్రత్తగా ఉండాలి. మూలంలో లేనివాటిని అది గమ్యంలోనూ చెరుపుతుంది. రెండు పేర్లూ అటూ ఇటూ రాస్తే ఖాళీ డిస్కు వచ్చి మీ నోట్సును తుడిచేస్తుంది.

ఆ తర్వాత, దాదాపు ఎవరూ చేయని పని ఒకటి ఉంది. తిరిగి తెచ్చి చూడటం. గిట్‌ల్యాబ్ సంస్థకు 2017 జనవరి 31న జరిగింది వినండి. డేటాబేస్ ఇబ్బందిని సరిచేస్తున్న ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్లో డిలీట్ కమాండు ఇచ్చారు. 300 జీబీలో కొద్దిగానే మిగిలింది. రోజూ జరగాల్సిన బ్యాకప్ కోసం చూస్తే ఆ ఫోల్డర్ ఖాళీ. వెర్షన్ తేడా వల్ల బ్యాకప్ ప్రతిరోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు ఇంకేదో పరీక్ష కోసం ఒక ఇంజినీరు చేత్తో తీసిన ప్రతి ఉండబట్టి గట్టెక్కారు. ఈ వివరాలన్నీ ఆ సంస్థే దాచకుండా ప్రకటించింది.

కాబట్టి నెలకో ఆదివారం డిస్కు తగిలించి, ఏదో ఒక పాత ఫోల్డర్‌ను రెండో కంప్యూటర్లోకి దించి, నాలుగు ఫైళ్లు తెరిచి చదవండి. తెలుగు సరిగ్గా వస్తోందా, బొమ్మలు ఉన్నాయా, లింకులు తెగలేదా చూడండి. అరగంట పని.

ఖాతా తాళాలు కూడా బ్యాకప్‌లో భాగమే. ఫోన్ పోతే టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆగిపోయి, డ్రైవ్ ఉన్నా లోపలికి వెళ్లలేరు. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద ప్రింటు తీసి టెన్త్ మెమో ఉన్న ఫైలులో పెట్టండి. కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ మీద నోట్సు ఉంచినవాళ్లు చివరి సెమిస్టర్‌లోనే సొంత ఖాతాకు మార్చుకోవాలి. చదువు పూర్తయ్యాక ఆ ఖాతా ఉంటుందా లేదా అన్నది కాలేజీ ఇష్టం.

ఉద్యోగంలో చేరినవాళ్లు రెండు కంప్యూటర్ల మధ్య గోడ కట్టుకోవాలి. కంపెనీ ల్యాప్‌టాప్‌లోని డాక్యుమెంట్లు, కోడ్, క్లయింటు వివరాలు సొంత డ్రైవ్‌లోకి సింక్ కాకూడదు. చాలా కంపెనీలు దాన్ని తీవ్రమైన ఉల్లంఘనగా చూస్తాయి, ఉద్యోగం పోవచ్చు. అలాగే మీ సర్టిఫికెట్లు, వేరే పరీక్షకు చదువుతున్న నోట్సు ఆ ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంచకండి. మానేసిన రోజు దాన్ని తిరిగి ఇచ్చేయాలి. పనిలో నేర్చుకున్న విషయాన్ని సాయంత్రం ఇంటికొచ్చి, పేర్లూ రహస్యాలూ లేకుండా మీ మాటల్లో మీ కంప్యూటర్లో రాసుకోవడంలో తప్పులేదు.

సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్, డేటాబేస్, క్లౌడ్ సపోర్ట్, డెవ్‌ఆప్స్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇదంతా ఇంటర్వ్యూలో నేరుగా పనికొస్తుంది. అక్కడ ఆర్‌పీఓ, ఆర్‌టీఓ అంటే ఏమిటని అడుగుతారు. ప్రమాదం జరిగితే ఎంత సేపటి పని పోయినా తట్టుకోగలం అన్నది మొదటిది, ఎంత సేపట్లో మళ్లీ లేచి నిలబడాలి అన్నది రెండోది. గిట్‌ల్యాబ్‌లో వాస్తవంగా ఆరు గంటల పని పోయింది, సైటు లేవడానికి సుమారు 18 గంటలు పట్టింది. నిర్వచనం అప్పజెప్పి ఆగకుండా, మీ నోట్సుకు మీరు పెట్టుకున్న ఏర్పాటే చెప్పండి. క్లౌడ్‌తో అయితే నిమిషాల పని మాత్రమే పోతుంది, డిస్కుతో అయితే నెల పని. డిస్కు నుంచి తిరిగి తేవడానికి ఎంత సేపు పట్టిందో మీరు చేసి చూశారు కాబట్టి ఆ సంఖ్య మీ దగ్గర ఉంటుంది. తర్వాత, ఆ నెలను వారానికి తగ్గించాలంటే ఏం చేస్తారని ఎదుటివాళ్లు అడుగుతారు. దానికీ జవాబు ఆలోచించుకుని వెళ్లండి.