ఆయ్దక్కి లక్కమ్మ కొలత

నేటి గృహములలో నొక క్రొత్త కాయకము ప్రవేశించినది. ఏ కంపెనీలోను చేరక, ఫోనులలో పనిచేయు యాప్‌లను ఇంటియందే యొంటరిగా నిర్మించి, తామే ప్రచారము చేసి యమ్ముకొను స్త్రీ పురుషులు పలువురు కలరు. వారిలో పసిబిడ్డల తల్లిదండ్రులును ఉన్నారు. బిడ్డ బడికి పోయిన వేళ కొంత, నిద్రించిన పిదప కొంత, ఇట్లు చిక్కిన గడియలలో వారి పని సాగును. శరణులు కాయకమును కైలాసముతో సమానముగా నెంచిరి గనుక, రేయింబవళ్లు పనిచేయుటయే ధర్మమని వీరిలో కొందరు సమాధానపడుదురు. బసవేశ్వరుని బోధలో ఈ మాట సగము మాత్రమే.

ఈ పని చూచువారికి తేలికగా తోచును. కాని ప్రోగ్రాము వ్రాయువారు, తెరపై బొమ్మలు కుదుర్చువారు, తప్పులు దిద్దువారు, కొన్నవారికి బదులు చెప్పువారు అందరును ఒక్కరే. యాప్ వెలువడిన దినముతో పని ముగియదు. ఏటేటా దానిని క్రొత్త ఆండ్రాయిడ్ స్థాయికి సరిదిద్దవలెనని గూగుల్ ప్లే నియమము కలదు. అట్లు చేయని యాప్ క్రమముగా క్రొత్త ఫోనులవారికి కనబడకుండ పోవును. ధనవ్యయము గొప్పది కాదు. గూగుల్ ప్లేలో నమోదునకు ఒకేమారు 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటేటా 99 డాలర్లు. 2008లో ఆపిల్ యాప్ స్టోరు తెరచిన నాడు అమ్మకములో నూటికి 30 వంతులు దుకాణమునకే పోయెడివి. 2021లో ఆ రెండు సంస్థలును చిన్న నిర్మాతల విషయమున దానిని 15కు తగ్గించినవి. అనగా పన్నులు విడిచి లెక్కించినచో నూరు రూపాయలలో 85 నిర్మాతకు దక్కును. అసలు వ్యయము కాలము. ఆ కాలము తరచుగా బిడ్డల వద్దనుండియే తీయబడుచున్నది.

ఇట్టివారు నులియ చందయ్య కథను చెప్పుకొనుట కలదు. గడ్డి కోసి త్రాడు పేని, దానిని అమ్మి దాసోహము చేసిన శరణుడాయన. గడ్డి కోయుచుండగా ఇష్టలింగము నీట జారిపడినను ఆయన పని మానలేదనియు, లింగమే ఆయన వెంట వచ్చెననియు సంప్రదాయము చెప్పును. లింగముకొరకే పని ఆపనివాడు బిడ్డ యేడ్చినంత మాత్రమున ఆపవలెనా యని ప్రశ్న! ఇది కథను తలక్రిందులు చేయుట. చందయ్య పని జంగమ దాసోహమునకు. వేచియున్న ఆకలి యొకటి అచట కలదు. అర్ధరాత్రి యాప్ లెక్కలు తెరచి చూచువాని యెదుట వేచియున్న ఆకలి ఎవరిది?

దీనికి సరియైన పాఠము ఆయ్దక్కి మారయ్య లక్కమ్మల చరిత్రలో నున్నది. కన్నడమున ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజలను మారయ్య ఏరి తెచ్చెడివాడు; లక్కమ్మ వండి జంగములకు పెట్టెడిది. ఒకనాడు అతడు అలవాటును మించి తెచ్చెను. తెచ్చినది దొంగసొత్తు కాదు, పరుల యాచన కాదు, తన చేతితో ఏరినదే. ఐనను లక్కమ్మ సంతోషింపలేదు. ఈశ్వరుడు నిర్ణయించిన దానికంటె అధికమెందుకని మందలించి, మిగులును తిరిగి అచటనే పోసి రమ్మనెను. మారయ్య మరలిపోయెను.

ఆ పని చేసినవాడు భర్త. చాలునని చెప్పినది భార్య. కాయకమున మునిగినవానికి తన మితము తెలియదు, ప్రక్కనున్నవారికి తెలియును. పడవ నడపు అంబిగర చౌడయ్యకు రేవు హద్దు, గడ్డి కోయువానికి చీకటి హద్దు. ఫోనుపై పనికి అట్టి హద్దు ప్రకృతి పెట్టలేదు గనుక ఇంటివారే పెట్టవలెను. భోజనవేళ ఫోను వేరొక గదిలో నుండుట, ఒక యాప్ నిలద్రొక్కుకొనక మునుపే మూడవదానిని మొదలిడకుండుట, రాత్రి వచ్చిన ఫిర్యాదునకు ఉదయమున బదులిచ్చుట మొదలగునవి చిన్న నియమములే. ఐనను వీనిని చెప్పిన భార్యకో భర్తకో ‘నీకు ఈ పని తెలియదు’ అను బదులు వచ్చుచున్న ఇండ్లున్నవి. లక్కమ్మకు కూడ మారయ్య ఆ బదులే యిచ్చి యుండవచ్చును గదా!

ప్రచారమునకును ఇదే కొలత. తన సరుకు గుణము నలుగురికి చెప్పుట దోషము కాదు. చెప్పనిచో ఎవరికి తెలియును? కాని బంధువులచే వాడకయే ఐదు నక్షత్రములు వేయించుట, క్యాలెండరు చూపు యాప్‌కు ఫోనులోని పేర్ల పట్టికను అడుగుట, రద్దు చేయు మీటను మూల దాచుట సదాచారమునకు విరుద్ధములు. అక్కరకు మించి గ్రహించిన పరుల సమాచారము మారయ్య తెచ్చిన మిగులు బియ్యము వంటిది. పిల్లల యాప్‌ల విషయమున జాగ్రత్త మరింత అవసరము. 2023లో భారత పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగా నెంచినది. సామాన్యముగా వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననియు, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదనియు అందు కలదు. తన బిడ్డకు ఇయ్యజాలని యాప్‌ను పరుల బిడ్డకు అమ్మువాడు చట్టము వరకు పోనక్కరలేదు.

బిడ్డల పెంపకము కాయకమునకు అడ్డమను భావము శరణులకు లేదు. బసవేశ్వరుని సోదరి అక్క నాగమ్మ మహామనెలో శరణులతో మెలగుచు చెన్నబసవణ్ణను పెంచినది. ఆ బిడ్డయే షట్స్థల జ్ఞానియై, పిన్నవయసుననే అనుభవ మంటపమున పెద్దల గౌరవము పొందెను.

మఠములును ఇరుగుపొరుగువారును ఇట్టి కుటుంబములకు చేయదగిన సాయమొకటి కలదు. 2023 నవంబరు తరువాత గూగుల్ ప్లేలో వ్యక్తిగత ఖాతా తెరచినవారు, యాప్‌ను అందరికి విడుదల చేయుటకు ముందు కొందరిచే 14 దినములు ఎడతెగక పరీక్ష చేయింపవలెను. మొదట 20 మంది కావలసియుండగా 2024 డిసెంబరులో ఆ సంఖ్యను 12కు తగ్గించిరి. ఒంటరిగా పనిచేయు తల్లికి ఆ 12 మందిని వెదకుటకే నెల పట్టును. సోమవారము మఠమునకు వచ్చు భక్తులలో పన్నెండుగురు తమ ఫోనులలో దానిని పెట్టుకొని, పదునాలుగు దినములు నిజముగా వాడి, అక్షరములు చిన్నవిగా నున్నవని ముసలివారు, ఏ మీట నొక్కవలెనో తెలియలేదని పిల్లలు మొగమోటము లేక చెప్పినచో, ఆమెకు కొన్ని రాత్రుల నిద్ర మిగులును.