క్యాన్సర్ చికిత్సలో భయాన్నీ డాక్టరుకు చెప్పాలి: కోవిడ్ నేర్పిన పాఠం

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. అప్పటికే క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారిని రెండు భయాలు ఒకేసారి పట్టుకున్నాయి. ఆసుపత్రికి వెళ్తే కరోనా సోకుతుందేమో, వెళ్లకపోతే క్యాన్సర్ ముదురుతుందేమో! రెండూ నిజమైన ప్రమాదాలే. కాబట్టి "ధైర్యంగా ఉండండి" అన్న ఒక్క మాట వారికి చాలదు.

దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల వివరాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2021లో 'లాన్సెట్ ఆంకాలజీ' పత్రికలో వెలువడింది. 2019 మార్చి-మే నెలలతో పోలిస్తే, 2020లో అవే నెలల్లో కొత్త రోగుల నమోదు 54 శాతం, పెద్ద శస్త్రచికిత్సలు 49 శాతం, ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే కీమోథెరపీ 37 శాతం తగ్గాయి. బస్సులు, రైళ్లు ఆగిపోవడం, సేవలు కుదించుకుపోవడంతో పాటు రోగుల భయాన్నీ ఈ పరిస్థితిలో లెక్కలోకి తీసుకోవాలి.

భయానికి ఆధారం ఏమిటి?

కీమోథెరపీ మందులు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో వేగంగా విభజన చెందే కణాలనూ దెబ్బతీస్తాయి. దాంతో ఇన్‌ఫెక్షన్లను ఎదుర్కొనే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు తగ్గుతాయి. చాలా మందుల విషయంలో ఇవి చికిత్స తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య బాగా పడిపోయి, తర్వాత కోలుకుంటాయి. మీరు వాడే మందుతో ఏ రోజుల్లో ఎక్కువ జాగ్రత్త అవసరమో డాక్టరును అడిగి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఎప్పుడు, దేనికి జాగ్రత్తపడాలో తెలిస్తే నిత్యం వెంటాడే ఆందోళన కొంత తగ్గుతుంది. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే సొంతంగా మాత్ర వేసుకుని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

మనసుకూ ఒక కొలత

జ్వరాన్ని కొలిచినట్టే మనోవేదననూ అంచనా వేయడానికి క్యాన్సర్ వైద్యంలో 0 నుంచి 10 వరకు అంకెలున్న ఒక సులువైన కొలమానం వాడతారు. గత వారం రోజుల్లో, ఈ రోజుతో కలిపి, ఎంత బాధ అనుభవించారో రోగే ఒక అంకె చెప్పాలి. 4 లేదా అంతకు మించితే వైద్య బృందం మరింత వివరంగా మాట్లాడి కారణం తెలుసుకోవాలి. కారణం ఎప్పుడూ మనసులోనే ఉండదు. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల నిద్ర పట్టకపోవచ్చు. దారి ఖర్చులకు డబ్బు లేకపోవడమే దిగులుకు మూలం కావచ్చు. ఒక్కోదానికి పరిష్కారం ఒక్కో రకంగా ఉంటుంది.

ఏం చేయవచ్చు?

సందేహాలను ఒక పుస్తకంలో రాసుకోండి. ఆసుపత్రికి వెళ్లినప్పుడో, ఫోనులో సంప్రదించినప్పుడో ముందుగా వాటినే అడగండి. "నా చికిత్స వాయిదా వేయవచ్చా? వేస్తే నష్టమెంత?" అన్నది అందులో మొదటి ప్రశ్న కావాలి. కొన్ని క్యాన్సర్లలో కొద్ది వారాలు ఆగవచ్చు, కొన్నింటిలో అస్సలు ఆగకూడదు. అది డాక్టరుతో కలిసి తీసుకోవలసిన నిర్ణయం. భయంతో ఇంట్లోనే తేల్చుకునేది కాదు.

అంటువ్యాధి వార్తలను రోజుకు ఒకటి రెండుసార్లకే పరిమితం చేయండి. చుట్టాలు వచ్చి చూసే వీలు లేనప్పుడు, రోజూ ఒకే సమయానికి ఆత్మీయులొకరు ఫోన్ చేసేలా చూసుకోండి. ప్రతిసారీ జబ్బు గురించే మాట్లాడనక్కర్లేదు. ఇంట్లోవారు కూడా "ఏం కాదులే" అని మాట తుంచేయకుండా, రోగి చెప్పేది చివరిదాకా వినాలి. రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండేవారికీ విశ్రాంతి కావాలి.

రెండు వారాలకు పైగా దిగులు వీడకపోయినా, తిండి, నిద్ర దెబ్బతిన్నా ఆ మాట డాక్టరుకు చెప్పండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.