ట్యాబ్ ఉంటే కంప్యూటర్ అక్కర్లేదా?

ఈ నెల కథో కవితో రాయమన్నారు మన క్లబ్ వాళ్ళు. కానీ అడ్మిషన్ల సీజన్ కదా, మా జహీరాబాద్ నుంచి నాకొచ్చే ఫోన్లన్నిట్లో ఒకటే ప్రశ్న. "అక్కా, సీఎస్‌ఈలో సీటొచ్చింది. ట్యాబ్ కొనుక్కుంటే సరిపోతదా, ల్యాప్‌టాపే కావాల్నా?" అడిగేవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఇది నాలుగేళ్ళకి ఒక్కసారి పెట్టే ఖర్చు. చెరుకు డబ్బులు చేతికొచ్చాక కొందామని ఆగినవాళ్ళూ ఉన్నారు. అందుకే "ఏదైనా ఓకే" అని దాటేయకుండా, నాకు తెలిసినంతలో వివరంగా రాస్తున్నాను.

కారా, ట్రాక్టరా?

2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది జూన్‌లో ఒక సభలో స్టీవ్ జాబ్స్ ఒక పోలిక చెప్పాడు. అమెరికా వ్యవసాయ దేశంగా ఉన్న రోజుల్లో బళ్ళన్నీ ట్రక్కులే, పొలం పనికి అవే కావాలి కాబట్టి. జనం పట్నాలకి చేరాక కార్లు పెరిగాయి. ఇక మీద పీసీలు కూడా ట్రక్కుల్లాగే ఉంటాయి, పూర్తిగా పోవు గానీ కొద్దిమందికే అవసరమవుతాయి అన్నాడు.

పోలిక బాగానే ఉంది. కాకపోతే మాది 2013 నుంచి మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నడుస్తున్న ఊరు. చెరుకు లోడుతో ట్రాక్టర్ ముందు పోతుంటే వెనక కార్లు నెమ్మదిగా రావడం మాకు రోజూ కనిపించేదే. కాబట్టి ఏ బండి గొప్పది అని కాదు, రోజూ మనం వేసే లోడు ఏంటి అని అడగాలి.

స్పీడ్ సమస్య తీరిపోయింది

ఒకప్పుడు ట్యాబ్ వద్దనడానికి స్పీడ్ ఒక్కటే చాలు. 2011 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన ఆకాశ్ ట్యాబ్ గుర్తుందా? దాన్ని అసెంబుల్ చేసింది మన హైదరాబాద్‌లోనే. ప్రభుత్వానికి ఒక్కోటి 2,300 రూపాయల లోపే పడింది. అందులో 366 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. ఆ ధరకి అది గొప్పే, కానీ దాంతో పని నడవడం కష్టం.

పదేళ్ళు తిరిగేసరికి, 2021 ఐప్యాడ్ ప్రోలో మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఉన్న ఎం1 చిప్పే పెట్టారు. అంటే ఇప్పుడు తేడా చిప్పులో లేదు.

ట్యాబ్ నిజంగా గెలిచే పనులూ ఉన్నాయి. పీడీఎఫ్ చదవడం, పెన్నుతో లెక్కలు చేయడం, సర్క్యూట్ బొమ్మలు గీయడం, వీడియో పాఠాలు చూడటం, బస్సులో కూర్చుని నోట్స్ తిరగేయడం. వీటికి ల్యాప్‌టాప్ కంటే ట్యాబే సుఖం, ఛార్జింగ్ కూడా చాలాసేపు ఉంటుంది. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకి పాఠాలు ఎక్కించి ఇచ్చింది కూడా ట్యాబులే. పాఠం వినడానికి, చదవడానికి అది సరైన వస్తువు.

తేడా ఎక్కడుంది?

తేడా అంతా ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే పర్మిషన్‌లో ఉంది. ట్యాబ్‌లో యాప్‌లు అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ల లాంటివి. ఎవరి తాళం వాళ్ళది, ఒకరి సామాను ఇంకొకరు ముట్టుకోకూడదు. దీన్నే శాండ్‌బాక్స్ అంటారు. వైరస్ భయం తగ్గుతుంది, మంచిదే. కానీ ప్రోగ్రామింగ్ అంటేనే ఒకరి సామాను ఇంకొకరికి అందించడం. ఎడిటర్ రాసిన ఫైల్‌ని కంపైలర్ తీసుకోవాలి, అది తయారు చేసిన ప్రోగ్రామ్‌ని డీబగ్గర్ నడపాలి, పక్కనే డేటాబేస్ సర్వర్ ఆగకుండా నడుస్తుండాలి.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో టెర్మక్స్ వేసి, క్లాంగ్ పెట్టుకుంటే ఫస్టియర్ సి ప్రోగ్రామ్‌లు హాయిగా నడుస్తాయి. నేను నడిపి చూశాను. కానీ ఆండ్రాయిడ్ 12 నుంచి యాప్‌లు వెనకాల నడిపే చైల్డ్ ప్రాసెస్‌లకి సిస్టమ్ మొత్తానికి 32 అని హద్దు పెట్టారు. దాటితే సిస్టమే కొన్నిటిని ఆపేస్తుంది. పెద్ద ప్రాజెక్ట్ మొదలుపెట్టాక ఈ హద్దు తగులుతుంది. కోడ్‌ని క్లౌడ్‌లో నడపొచ్చు అంటారు. నిజమే, కానీ నెట్ పోతే పనీ పోతుంది.

ఇంకో సంగతి చూడండి. ట్యాబుల్లో నడిచే ఆండ్రాయిడ్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియోని విండోస్, మ్యాక్, లినక్స్, క్రోమ్‌ఓఎస్‌ల కోసం ఇస్తున్నారు. ఆపిల్ ఎక్స్‌కోడ్‌కి మ్యాక్ కావాలి. ఐప్యాడ్‌లోనే చిన్న యాప్‌లు చేసుకునేలా 2021లో స్విఫ్ట్ ప్లేగ్రౌండ్స్‌ని మార్చారు గానీ, పెద్ద పనికి మళ్ళీ మ్యాకే.

మా ఊరి డీటీపీ సెంటర్

ఇది కోడింగ్ వాళ్ళ గొడవే అనుకోవద్దు. మా బస్టాండ్ వైపు డీటీపీ సెంటర్‌లో పెళ్ళికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేస్తారు. అక్కడ ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో! యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. అను ఫాంట్లది వేరే పద్ధతి. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ మ్యాటర్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి.

అక్కడ పనిచేసే అన్నకి ఎంత ఖరీదైన ట్యాబ్ ఇచ్చినా ఆ పాత ఫైళ్ళు తెరిచి పని చేసుకోలేడు. ఆయన పనంతా పాత ఫైళ్ళు, పాత ప్రింటర్, పాత స్కానర్‌తోనే. అదే, కొత్తగా తెలుగు రాసేవాళ్ళకి ట్యాబ్ ఎంతో మేలు. కీబోర్డ్ మార్చుకుంటే చాలు, రాసిందంతా యూనికోడే. ఈ వ్యాసం సగం నేను ట్యాబ్‌లో నోటితో చెప్పి రాయించిందే.

మరి ఏం కొనాలి?

కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. రోజూ చేసే పనిలో చదవడం ఎక్కువా, తయారు చేయడం ఎక్కువా? నెట్ లేనప్పుడు కూడా పని జరగాలా? పాత సాఫ్ట్‌వేరో, పాత పరికరమో కలపాల్సి ఉంటుందా?

చదవడమే ఎక్కువైతే, మిగతా రెండిటికీ కాదు అయితే ట్యాబ్ కొనుక్కోండి, నిశ్చింతగా. ఇంట్లో అమ్మానాన్నలకి, ఇంటర్ చదివే తమ్ముడికి అది చాలు. సీఎస్‌ఈలో చేరి, ఇంట్లో ఒక్కటే కొనగలిగితే మాత్రం ల్యాప్‌టాపే. కొత్తది అందకపోతే 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న సెకండ్ హ్యాండ్‌ది చూడండి, లినక్స్ వేసుకుంటే చక్కగా నడుస్తుంది. ట్యాబ్ ధర చూసి తక్కువే అనుకోకండి. కీబోర్డ్, పెన్ విడిగా కొని కూడితే చాలాసార్లు ల్యాప్‌టాప్ ధర దగ్గరికే వస్తుంది.

అప్పటిదాకా తొందరపడి కొనకండి. కాలేజీ ల్యాబ్‌లో ఒక నెల పనిచేసి, మీ లోడు ఎంతో చూసుకుని, అప్పుడు ఇంట్లో అడగండి.